పోస్టు నిండితే సేవ అందినట్టేనా?

ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టర్లు చాలడం లేదన్నది మనం తరచూ వినే ఫిర్యాదు. ఆ కొరతను కొలిచే పద్ధతి కూడా మనకు అలవాటైపోయింది. మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, ఖాళీలెన్ని అని అడుగుతాం. ఖాళీలు ఎక్కువుంటే నోటిఫికేషన్ ఇవ్వమంటాం. నోటిఫికేషన్ ఇచ్చినా ఎవరూ చేరకపోతే జీతం పెంచమంటాం, బాండ్ రాయించుకోమంటాం, వైద్య కళాశాలలు ఇంకా పెట్టమంటాం. ఇవన్నీ అవసరమైనవే. కానీ దశాబ్దాలుగా ఇవన్నీ ఏదో ఒక మేరకు చేస్తూనే ఉన్నా, చిన్న పట్టణంలోని ప్రభుత్వాసుపత్రి నుంచి అత్యవసర రోగిని పెద్దాసుపత్రికి పంపేయడం మాత్రం ఎందుకు ఆగలేదు? ఇక్కడ నా వాదన ఒక్కటే. ఆసుపత్రిలో రోగికి అందే సేవ ఏ ఒక్క డాక్టరూ చేయగలిగింది కాదు, కొందరు కలిస్తేనే అయ్యేది. మనం మాత్రం పోస్టులను విడివిడిగా మంజూరు చేస్తాం, విడివిడిగా నింపుతాం, విడివిడిగానే లెక్కపెడతాం. జట్టును లెక్కలోకి తీసుకోనంత కాలం ఎంతమంది డాక్టర్లను తయారుచేసినా పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం రాదు.

ముందు కొరత ఎక్కడుందో చూద్దాం. ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అంటే పీహెచ్‌సీకి, జిల్లా ఆసుపత్రికి మధ్య మెట్టు సామాజిక ఆరోగ్య కేంద్రం, అంటే సీహెచ్‌సీ. మైదాన ప్రాంతంలో లక్షా ఇరవై వేల జనాభాకు, గిరిజన, కొండ ప్రాంతాల్లో ఎనభై వేల జనాభాకు ఒకటి చొప్పున, 30 పడకలతో ఉండాలన్నది ప్రమాణం. అందులో ఒక సర్జన్, ఒక ఫిజీషియన్, ఒక ప్రసూతి నిపుణురాలు, ఒక పిల్లల డాక్టరు ఉండాలి. కేంద్ర ఆరోగ్యశాఖ 2021–22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సీహెచ్‌సీలకు కావలసిన ఈ నాలుగు రకాల నిపుణుల్లో దాదాపు 80 శాతం మంది లేరు. సర్జన్ల కొరత 83 శాతం, పిల్లల డాక్టర్ల కొరత 81 శాతం పైన, ప్రసూతి నిపుణుల కొరత 74 శాతం. ఇంత పెద్ద అంకెలో కూడా ఒక లోపం దాగి ఉంది. ఈ నలుగురి లెక్కలో మత్తు డాక్టరు లేరు. ఆ డాక్టరు లేకుండా సర్జన్ కత్తి పట్టలేరు, ప్రసూతి నిపుణురాలు సిజేరియన్ చేయలేరు. నాలుగు పోస్టులూ నిండిన ఆసుపత్రి కాగితం మీద నూటికి నూరు శాతం నిండినట్టే. అక్కడ మత్తు ఇచ్చేవారు లేకపోతే మాత్రం ఆ థియేటర్‌కు తాళమే.

ఆ థియేటర్‌నే కాస్త దగ్గరగా చూద్దాం. టేబుల్ ఉంటుంది, పైన లైటు ఉంటుంది, మత్తు యంత్రం మీద గుడ్డ కప్పి ఉంటుంది. నెలలు నిండిన గర్భిణి సాయంత్రం వస్తుంది. రాత్రి పదకొండు దాటాక కడుపులో బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని నర్సు గమనిస్తుంది. అప్పుడు కావలసినవి నాలుగు: కోత వేసే చేయి, మత్తు ఇచ్చే చేయి, పుట్టిన బిడ్డను అందుకుని ఊపిరి పోయించే చేయి, అవసరమైతే ఎక్కించడానికి రక్తం. మూడు ఉండి ఒకటి లేకపోతే మూడూ లేనట్టే. డ్యూటీ డాక్టరు రిఫరల్ చీటీ రాస్తారు, 108కి ఫోన్ వెళుతుంది. ఆ రాత్రి ప్రసూతి నిపుణురాలు ఆసుపత్రిలోనే ఉండవచ్చు కూడా. ఆమె పోస్టు నిండినట్టే లెక్క, ఆమె జీతం ఖజానాకు ఖర్చే. ఆ తల్లికి మాత్రం అక్కడ సేవ అందలేదు. ప్రభుత్వ నిబంధనలకు ఈ సంగతి తెలియనిది కాదు. ఫస్ట్ రిఫరల్ యూనిట్ అని పిలవాలంటే సిజేరియన్, నవజాత శిశువు సంరక్షణ, రక్త నిల్వ, ఈ మూడూ 24 గంటలూ అందుబాటులో ఉండాలని ఆ నిబంధనలే చెబుతున్నాయి. నియామకాలు మాత్రం ఆ నిబంధనను అనుసరించి జరగవు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. వారానికి 168 గంటలు. ఒక డాక్టరు వారానికి 48 గంటలు పనిచేస్తారనుకుంటే, ఒక కుర్చీ రాత్రింబవళ్లూ ఖాళీ కాకుండా ఉండడానికి ముగ్గురున్నర మంది కావాలి. సెలవులు, శిక్షణలు, కోర్టు సాక్ష్యాలు కలుపుకుంటే నలుగురు. ప్రసూతి, మత్తు, పిల్లల వైద్యం, ఈ మూడింటికీ కలిపి పన్నెండు మంది. అంటే సీహెచ్‌సీకి ఒక్కొక్క నిపుణుడు అన్న ప్రమాణమే రాత్రి సేవకు సరిపోదు. రేపు దేశంలోని ఖాళీలన్నీ ఒక్కసారిగా నిండినా అర్ధరాత్రి థియేటర్ తెరుచుకోదు. ఇప్పుడు ఆ పన్నెండు మందిని నాలుగు ఆసుపత్రులకు ముగ్గురేసి చొప్పున పంచామనుకోండి. నాలుగు చోట్లా పగటిపూట, అదీ ఎవరూ సెలవు పెట్టని రోజున ఆపరేషన్లు జరుగుతాయి. రాత్రిపూట ఎక్కడా జరగవు. అదే పన్నెండు మందిని ఒక్కచోట ఉంచితే ఒక ఆసుపత్రి ఏడాది పొడవునా పగలూ రాత్రీ నడుస్తుంది. ఆన్‌కాల్ పద్ధతిలో ఇద్దరితో సరిపెట్టవచ్చు కదా అనవచ్చు. కొన్నాళ్లు సరిపెట్టవచ్చు. రోజు విడిచి రోజు రాత్రి పిలుపు కోసం ఎదురుచూసే ఉద్యోగంలో ఏ డాక్టరైనా ఎన్నేళ్లు ఉంటారు? ఒకరు రాజీనామా చేస్తే రెండోవారి మీద భారం రెట్టింపవుతుంది, వారూ వెళ్లిపోతారు. కొరత కొరతను పెంచే తీరు ఇది.

దీనికి మనం ఎక్కువగా నమ్ముకున్న మందు కొత్త కళాశాలలు. ఈ విషయంలో దేశం సాధించింది తక్కువేమీ కాదు. 2014లో 387 వైద్య కళాశాలలు, సుమారు 51 వేల ఎంబీబీఎస్ సీట్లు ఉండగా, 2024–25 నాటికి 780 కళాశాలలు, లక్షా పద్దెనిమిది వేల పైచిలుకు సీట్లు అయ్యాయి. తెలంగాణ ఏర్పడిననాడు అక్కడ ఉన్న ప్రభుత్వ వైద్య కళాశాలలు 5, 2024 నాటికి 34. ఆంధ్రప్రదేశ్‌లో 17 కొత్త కళాశాలలు తలపెట్టి, 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఐదు తెరిచారు. మిగిలినవాటిని పూర్తిగా ప్రభుత్వమే నడపాలా, ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలా అన్నది పెద్ద వివాదమైంది. ఎవరు నడిపినా కాలం లెక్క మాత్రం మారదు. ఎంబీబీఎస్‌కు హౌస్ సర్జన్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఆపైన పీజీకి మూడేళ్లు. 2023లో చేరిన విద్యార్థి, ఎక్కడా ఆలస్యం లేకుండా నడిస్తే, నిపుణుడిగా బయటికి వచ్చేది 2032లో. ఈలోగా ఆ కళాశాలలకు ప్రొఫెసర్లు, అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లు కావాలి. వారూ నిపుణులే, వారూ ఉన్న కొద్దిమందిలోంచే రావాలి. కొత్త కళాశాలల్లో బోధకుల కొరతను జాతీయ వైద్య కమిషన్ ఇటీవలి సంవత్సరాల్లో పదేపదే ఎత్తిచూపింది. అంటే తొలి ఎనిమిదేళ్లు కొత్త కళాశాల నిపుణులను ఇవ్వదు, తీసుకుంటుంది.

సీట్లు పెరిగితే పోటీ పెరుగుతుంది, పోటీ పెరిగితే నగరాల్లో చోటు చాలక డాక్టర్లు తామే చిన్న ఊళ్లకు వస్తారు కదా అన్నది బలమైన ఆక్షేపణే. కొంతవరకు నిజం కూడా. ఎంబీబీఎస్ స్థాయిలో ఆ మార్పు ఇప్పటికే కనిపిస్తోంది, మెడికల్ ఆఫీసర్ పోస్టులకు దరఖాస్తులు పోటెత్తుతున్నాయి. కానీ నిపుణుల సంగతి వేరు. సీహెచ్‌సీల్లో నిపుణుల కొరత 2015లో 81 శాతం, 2022లో దాదాపు 80 శాతం. ఈ ఏడేళ్లలో దేశంలో పీజీ సీట్లు బాగా పెరిగాయి, కొరత మాత్రం ఉన్నచోటే ఉంది. 2014 తర్వాత పెరిగిన ఎంబీబీఎస్ సీట్ల ఫలితం 2022 నాటికి పూర్తిగా రాలేదన్నది ఒప్పుకోవాలి. అయినా ఆ తర్వాత వచ్చే నిపుణులు కూడా నగరంలో చోటు లేకపోతే మొదట వెళ్లేది జిల్లా కేంద్రంలోని ప్రైవేటు ఆసుపత్రికి. ఎందుకంటే అక్కడ మత్తు డాక్టరు ఉంటారు, రక్తం దొరుకుతుంది, నేర్చుకున్న పని చేయడానికి వీలుంటుంది. ఒంటరిగా సీహెచ్‌సీలో చేరిన సర్జన్ రెండేళ్లపాటు కట్లు కట్టి, సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టి, చేతిలోని విద్య మరిచిపోతారు. జీతం ఎంత ఇచ్చినా ఆ నష్టం పూడదు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద కొన్ని రాష్ట్రాల్లో నిపుణులు ఎంత కోరితే అంత ఇస్తామన్న పద్ధతి కూడా పెట్టారు. డబ్బు ఒకరిని తెస్తుంది. ఆయనకు పని కల్పించాలంటే పక్కన మరో ముగ్గురుండాలి.

బాండ్ సంగతి కూడా ఇంతే. చదువుకు ప్రజాధనం ఖర్చుపెట్టినప్పుడు కొంతకాలం ప్రజాసేవ కోరడం న్యాయమేనని సుప్రీంకోర్టు 2019లో సూపర్ స్పెషాలిటీ విద్యార్థుల కేసులో బాండ్లను సమర్థించింది. న్యాయం ఒక సంగతి, ఉపయోగం మరొకటి. ఏడాదికని పంపిన కొత్త నిపుణుడు ఎవరి అజమాయిషీలో పనిచేస్తాడు? పక్కన అనుభవం ఉన్న సీనియర్ లేనిచోట ఆ ఏడాది అతనికి శిక్ష, రోగికి ప్రమాదం. సీనియర్లు నిలదొక్కుకున్న ఆసుపత్రికి అతన్ని పంపితే అదే ఏడాది మంచి శిక్షణ అవుతుంది. కాబట్టి బాండ్ మంచిదా చెడ్డదా అని వాదించుకునే ముందు, ఆ డాక్టరును ఎక్కడికి, ఎవరి పక్కకు పంపుతున్నామో అడగాలి.

మరి జట్లను ఎక్కడినుంచి తేవాలి? ఇక్కడ చరిత్ర కొంత చూడాలి. స్వాతంత్ర్యానికి ముందు బ్రిటిష్ ఇండియాలో నమోదైన వైద్యులు సుమారు 47,500 మంది. వారిలో పట్టభద్రులు పద్దెనిమిది వేల లోపే, మిగిలినవారు తక్కువ కాలం చదివిన లైసెన్షియేట్లు, మన పెద్దలు ఎల్ఎంపీ డాక్టర్లని పిలిచినవారు. దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో ఈ రెండంచెల పద్ధతి వద్దంది. పల్లెకు తక్కువ చదివిన వైద్యుడు, పట్టణానికి ఎక్కువ చదివిన వైద్యుడు అన్న తేడా ఉండకూడదని, దేశమంతటికీ ఒకే రకం ప్రాథమిక వైద్యుణ్ణి తయారుచేయాలని సూచించింది. ఆశయం గొప్పది. జరిగింది వేరు. ఎంబీబీఎస్ గమ్యం కాకుండా పీజీకి వెళ్లే దారిలో మజిలీ అయింది. పీహెచ్‌సీలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా చేరిన యువ డాక్టరు సాయంత్రాలు నీట్ పీజీ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటున్నాడంటే తప్పు అతనిది కాదు. ఆ ఉద్యోగంలో పైకి వెళ్లే నిచ్చెన పీజీ ఒక్కటే. ఆ నిచ్చెనను సర్వీసు లోపలే వేస్తే అతను సర్వీసులోనే ఉంటాడు, బయట వేస్తే బయటికి పోతాడు.

ఇన్‌సర్వీస్ కోటా చేసే పని సరిగ్గా అదే. కొన్నేళ్లు ప్రభుత్వ సర్వీసు చేసిన ఎంబీబీఎస్ డాక్టర్లకు పీజీ సీట్లలో వాటా ఇవ్వడం. తమిళనాడు దీన్ని ఎంతోకాలం అమలుచేసింది. దానితోపాటు ప్రసూతి, శిశు అత్యవసర సేవలకు కొన్ని ఆసుపత్రులను ఎంపిక చేసి, నిపుణులను అక్కడ కూడగట్టి రాత్రింబవళ్లూ నడిపింది. రాష్ట్రాలకు ఈ కోటా ఇచ్చే అధికారం ఉందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. అలా చదివినవారు గ్రామీణ, గిరిజన, కొండ ప్రాంతాల్లో కనీసం ఐదేళ్లు పనిచేసేలా షరతు ఉండాలనీ చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లోనూ 2025లోనూ పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగింది ప్రధానంగా ఈ కోటా విషయంలోనే. కోటా వల్ల ప్రతిభకు అన్యాయం జరుగుతుందని కొందరంటారు. నీట్ అర్హత వీరికీ తప్పదు, పైగా ఆ ర్యాంకులో కనిపించని అనుభవం వీరికి ఉంది. చదివి వచ్చినవారికి ఇవ్వడానికి నిపుణుల పోస్టులు లేవన్న ఆక్షేపణకు మాత్రం విలువుంది. దానికి జవాబు కోటా కోయడం కాదు, కోటాను జట్ల అవసరానికి ముడిపెట్టడం. ఈ జిల్లాకు వచ్చే మూడేళ్లలో ఎంతమంది మత్తు డాక్టర్లు, ఎంతమంది పిల్లల డాక్టర్లు కావాలో ముందే తేల్చి, ఆ స్పెషాలిటీల్లోనే సీట్లిచ్చి, తిరిగి వచ్చాక చేరాల్సిన ఆసుపత్రి పేరు కోర్సులో చేరేరోజే చెప్పాలి.

శిక్షణ జరిగే చోటు కూడా ముఖ్యమే. నగరంలోని బోధనాసుపత్రిలో మూడేళ్లూ గడిపిన పీజీ విద్యార్థికి జిల్లా ఆసుపత్రి పరాయిది. ఇప్పుడు ప్రతి పీజీ విద్యార్థీ మూడు నెలలు జిల్లా ఆసుపత్రి వ్యవస్థలో పనిచేయాలన్న నియమం వచ్చింది, మంచిదే. 2020లో జాతీయ పరీక్షల బోర్డు మత్తు, ప్రసూతి, పిల్లల వైద్యం వంటి విభాగాల్లో రెండేళ్ల డిప్లొమా కోర్సులు మొదలుపెట్టింది. వీటిని జిల్లా ఆసుపత్రుల్లోనే నడపవచ్చు. అంతకు ముందునుంచే ఎంబీబీఎస్ డాక్టర్లకు ప్రసూతి అత్యవసరాల్లో మత్తు ఇవ్వడంలో కొద్ది నెలల శిక్షణ ఇచ్చే పద్ధతి ఉంది. ఇలా శిక్షణ పొందినవారిని ప్రసూతి నిపుణులు లేనిచోటికి పంపితే ఆ నెలలన్నీ వృథా, ఉన్నచోటికి పంపితే ఒక జట్టు పూర్తయినట్టు. ఎవరిని ఎంచుకోవాలన్న ప్రశ్నకూ ఇతర దేశాల అనుభవం ఉంది. జపాన్‌లో రాష్ట్రాలన్నీ కలిసి 1972లో స్థాపించిన జిచి వైద్య విశ్వవిద్యాలయం ప్రతి రాష్ట్రం నుంచి కొద్దిమందిని ఎంపిక చేసి, ఫీజు లేకుండా చదివించి, సొంత రాష్ట్రంలో సుమారు తొమ్మిదేళ్లు పనిచేయించుకుంటుంది. థాయ్‌లాండ్ 1990ల నుంచి గ్రామీణ జిల్లాల పిల్లలను ఎంచుకుని, వారి క్లినికల్ శిక్షణను ఆ ప్రాంతపు ప్రభుత్వాసుపత్రుల్లోనే ఇప్పిస్తోంది. పల్లెల నుంచి వచ్చినవారు పల్లెల్లో నిలిచే అవకాశం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 2010, 2021 మార్గదర్శకాల్లో సిఫార్సుగానే చెప్పింది.

నిపుణులను కొన్ని ఆసుపత్రులకు కూడగడితే మిగతా ఊళ్ల గతేమిటన్నది చివరి ఆక్షేపణ, అందరికంటే ఎక్కువగా రాజకీయ నాయకులను భయపెట్టేది కూడా. నిపుణురాలిని పక్క పట్టణానికి మారుస్తామంటే ధర్నా జరుగుతుంది, అది సహజం. అయితే ఆ ఊరు పోగొట్టుకునేది ఏమిటి? రాత్రి సేవ అక్కడ ఎలాగూ లేదు. సాధారణ కాన్పులు, జ్వరాలు, బీపీ, షుగరు మెడికల్ ఆఫీసర్లు, నర్సులు చూస్తారు, ఆ ఆసుపత్రి మూతపడాల్సిన పనిలేదు. నిపుణులు వారానికి ఇన్ని రోజులని ఓపీకి రావచ్చు. 108 బండి ఇప్పుడు ఎక్కడ చేర్చుకుంటారో తెలియక తిరుగుతోంది, అప్పుడు నేరుగా ఒకేచోటికి వెళుతుంది. పాడేరు, ఏటూరునాగారం వంటి ఏజెన్సీ ప్రాంతాలను మాత్రం ఈ లెక్కతో కొలవకూడదు. అక్కడ దూరమే ప్రాణాంతకం కాబట్టి, జనాభా తక్కువైనా పూర్తి జట్టు ఉండాల్సిందే. ఖర్చు ఎక్కువైనా భరించాలి. మాతృ మరణాల్లో మన రెండు రాష్ట్రాలూ దేశ సగటు కంటే ఎంతో మెరుగ్గా ఉన్నాయి కదా, ఇంత ఆందోళన ఎందుకని కూడా అడగవచ్చు. 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. నిజమే, గర్వించదగ్గదే. కానీ కాన్పుల భారంలో పెద్దపాలు ప్రైవేటు ఆసుపత్రులు, కిక్కిరిసిన పెద్దాసుపత్రులు మోస్తున్నాయి. తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లేనని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది, దేశంలో అదే అత్యధికం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. రాత్రి కష్టం వస్తే జట్టు దొరకదన్న భయం వాటిలో ఒకటి కాదని ఎవరూ చెప్పలేరు.

ఇవేవీ కొత్త చట్టాలు అడిగే పనులు కావు. మంజూరు ఉత్తర్వులో ఒక్కొక్క పోస్టుకు బదులు ఒక ఆసుపత్రికి కావలసిన జట్టును రాయవచ్చు. ప్రసూతి నిపుణురాలిని నియమించే రోజునే మత్తు డాక్టరునూ, పిల్లల డాక్టరునూ నియమించవచ్చు. ఒకరు సెలవు మీద వెళితే ఎవరు వస్తారో బదిలీ ఉత్తర్వులోనే ఉండవచ్చు. పీజీ సీట్ల కేటాయింపు, డిప్లొమా కోర్సులు, బాండ్ పోస్టింగులు, ఈ మూడూ వేర్వేరు విభాగాల ఫైళ్లలో కాక ఒకే పట్టికలో ఉండవచ్చు. జీతం, క్వార్టర్సు, పిల్లల చదువు, భద్రత వంటివి అప్పుడు అర్థవంతమైన ఖర్చులవుతాయి. వాటివల్ల నిలబడేది ఒక వ్యక్తి మాత్రమే కాదు, ఒక సేవ. అంతకంటే ముందు మనం అడిగే ప్రశ్న మారాలి. ఈసారి శాసనసభలో సభ్యులు జిల్లాలో డాక్టర్ల ఖాళీలెన్ని అని అడగడంతో ఆపవద్దు. ఈ జిల్లాలో రాత్రి పన్నెండు గంటలకు సిజేరియన్ చేయగల ప్రభుత్వాసుపత్రులు ఎన్ని, నిరుటి కంటే ఎన్ని పెరిగాయి అని అడగాలి. ఆ అంకె పెరిగిన ఏడాది మాత్రమే డాక్టర్ల నియామకం జరిగినట్టు ఒప్పుకోవాలి.